ఛానల్ స్ట్రిప్: ఏ నాబ్ ముందు, ఏ నాబ్ తర్వాత

"గొంతుకి ఈక్యూ ఎంత పెట్టాలి?" అని అడిగేవాళ్ళు కొందరు. (ఈక్యూ అంటే శబ్దంలోని బేస్‌నీ, మధ్య, పై స్థాయిల్నీ విడివిడిగా పెంచేది, తగ్గించేది.) "కంప్రెసర్ పెట్టాను, ఏం తేడా తెలియడం లేదు" అనేవాళ్ళు ఇంకొందరు. ఫైలు పంపమని వింటే చాలాసార్లు గొడవ ఈక్యూలోనూ ఉండదు, కంప్రెసర్‌లోనూ ఉండదు. వాటికి పైనున్న గెయిన్ దగ్గరో, ఇంకా పైకెళ్తే మైకు పెట్టిన చోటో ఉంటుంది.

ఛానల్ స్ట్రిప్ అంటే ఒక మైకు శబ్దం నడిచే దారి. మిక్సర్ మీదైతే ఒక నిలువు వరుస. ప్రీయాంప్ (గెయిన్ ఉండేది ఇక్కడే), హైపాస్ ఫిల్టర్, గేట్, ఈక్యూ, కంప్రెసర్, సెండ్లు (శబ్దంలో కొంత వేరే చోటికి పంపేవి), పాన్ (ఎడమా కుడా అని చెప్పేది), ఫేడర్ (చివరి స్థాయిని పెంచి తగ్గించేది). పై మడిలో నీళ్ళు కలకబారితే కింది మడికి తేట నీళ్ళు రావు కదా, ఇదీ అంతే. అందుకే ఈ గైడ్ మొత్తం ఒకే పద్ధతిలో నడుస్తుంది: పై నుంచి కిందికి సెట్ చేయాలి, తేడా వస్తే కింద నుంచి పైకి వెతకాలి.

ఉదాహరణకి ఇంట్లో రికార్డు చేసే ఒక గొంతునీ, ఒక మృదంగాన్నీ తీసుకుంటున్నాను.

## 1. మీ స్ట్రిప్ ఎక్కడుందో తేల్చుకోండి

మిక్సర్ ఉన్నవాళ్ళకి స్ట్రిప్ కళ్ళెదుటే ఉంటుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) వాడేవాళ్ళకి అది రెండు ముక్కలు. గెయిన్, 48 వోల్టుల బటన్ పెట్టె మీద ఉంటాయి, మిగతావన్నీ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ లోపల ఉంటాయి.

యూఎస్‌బీ మిక్సర్ అయితే ఇంకో చిక్కు. చిన్న మిక్సర్లలో చాలావరకు కంప్యూటర్‌కి పంపేది చివరన కలిసిన ఎడమ-కుడి మిక్స్ మాత్రమే. నాలుగు మైకులు పెట్టినా నాలుగు విడి ట్రాకులు రావు. ఇది తెలియక కచేరీ అంతా రికార్డు చేసుకుని, "మృదంగం ఒక్కటే తగ్గించడం ఎలా?" అని అడుగుతారు. తగ్గించలేం.

రెండు నిమిషాల పరీక్ష చేయండి. మైకులో మాట్లాడుతూ రికార్డింగ్ మొదలుపెట్టి, మిక్సర్ మీద హై ఈక్యూ నాబ్ పూర్తిగా కిందికి తిప్పండి. తర్వాత ఫేడర్ దించండి. ఆపేసి వినండి. ఏ నాబ్ మార్పు రికార్డులో వినబడిందో అది శాశ్వతం, తర్వాత వెనక్కి తీసుకోలేం. వినబడనిది మీ స్పీకర్లకో హెడ్‌ఫోన్స్‌కో సంబంధించినది.

ఇంకో మాట. ప్యానెల్ మీద నాబ్‌లు ఉన్న వరసలోనే సిగ్నల్ నడుస్తుందని లేదు. మాన్యువల్ చివర్లో బ్లాక్ డయాగ్రమ్ ఉంటుంది. అసలు దారి అదే.

## 2. అన్నీ సున్నాకి తెచ్చుకోండి

నిన్నటి సెట్టింగ్ మీద ఇవాళ మొదలుపెట్టడం అందరం చేసే తప్పే. మైకు తగిలించకముందే:

- గెయిన్ పూర్తిగా కిందికి
- 48 వోల్టులు ఆఫ్, ప్యాడ్ (మరీ గట్టి సిగ్నల్‌ని తగ్గించే బటన్) ఆఫ్, పోలారిటీ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) మామూలు స్థితిలో
- ఈక్యూ నాబ్‌లన్నీ నడిమధ్యకి
- గేట్, కంప్రెసర్ బైపాస్ (పనిచేయకుండా పక్కన పెట్టడం)
- ఆక్స్ సెండ్లు కిందికి, పాన్ మధ్యకి
- ఫేడర్ కిందికి, స్పీకర్ల వాల్యూమ్ కిందికి

సాఫ్ట్‌వేర్ అయితే ఖాళీ ట్రాకుతో ఒక టెంప్లేట్ సేవ్ చేసి పెట్టుకోండి, పని అయిపోతుంది.

## 3. మైకు, ఆ తర్వాతే 48 వోల్టులు

కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. డైనమిక్ మైకుకి అక్కర్లేదు, సరైన కేబుల్ ఉంటే పొరపాటున ఇచ్చినా ఏమీ కాదు. పాతకాలం రిబ్బన్ మైకుకి మాత్రం ఇవ్వకండి. కేబుల్‌లో లోపం ఉంటే రిబ్బన్ దెబ్బతింటుంది.

వరస ఇది: కేబుల్ గుచ్చండి, స్పీకర్లు, హెడ్‌ఫోన్స్ తగ్గించి ఉన్నాయో లేదో చూడండి, అప్పుడు 48 నొక్కండి, కొన్ని సెకన్లు ఆగండి. తీసేటప్పుడు ముందు 48 ఆపి, ఆగి, తర్వాత కేబుల్ లాగండి. నేను ఒకసారి స్పీకర్లు పెంచి ఉండగానే నొక్కాను. 'ఢప్' అన్న చప్పుడుకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. స్పీకర్లు బతికాయి, నా అదృష్టం.

మైకు జానెడు దూరంలో ఉండాలి, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ అన్నప్పుడు వచ్చే గాలిని ఆపే తెర). బొటనవేలు మైకు దగ్గర, చిటికెనవేలు పెదవుల దగ్గర పెట్టి కొలవండి, స్కేలు అక్కర్లేదు. ఇంతకన్నా దగ్గరికి వస్తే కార్డియాయిడ్ మైకులో (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) బేస్ పెరుగుతుంది. గొంతు బరువుగా వస్తోందని ఈక్యూలో కోసే ముందు నాలుగు వేళ్ళు వెనక్కి జరగమనండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

## 4. గెయిన్: ఇక్కడ తొందర పడొద్దు

గెయిన్ వాల్యూమ్ కాదు. మైకు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని మిగతా స్ట్రిప్ పనిచేయగల స్థాయికి తెచ్చేది. ఇక్కడ చిరిగిన శబ్దాన్ని ఫేడర్ ఎంత దించినా అతకలేం, చిన్నగా వినబడే చిరిగిన శబ్దం మిగులుతుంది అంతే.

ఎలా సెట్ చేయాలంటే:

1. గాయకుడిని "హలో, చెక్, వన్ టూ త్రీ" అనమనొద్దు. పాటలో అన్నిటికన్నా పై స్థాయికి వెళ్ళే లైను, సాధారణంగా చరణంలోది, పూర్తి గొంతుతో పాడమనండి.
2. సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మీటర్ చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. గట్టి లైనుకి మీటర్ శిఖరం మైనస్ 12 డీబీ (డెసిబెల్, శబ్దం స్థాయికి కొలత) దగ్గర ఆగాలి.
3. అక్కడ నుంచి ఇంకో 2, 3 డీబీ తగ్గించండి. రిహార్సల్‌లో ఎవరూ టేక్‌లో పాడినంత గట్టిగా పాడరు.
4. గెయిన్ పూర్తిగా కిందున్నా మీటర్ ఎర్రగా అవుతోందా? ప్యాడ్ నొక్కండి. డప్పు దగ్గర, మృదంగం మీద దరువు పడే చోట ఈ అవసరం వస్తుంది.

"మీటర్ సగం కూడా నిండలేదు, పర్లేదా?" అంటారు. పర్లేదు. 24 బిట్‌లో రికార్డు చేస్తే అతి మెత్తటి శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య సిద్ధాంతపరంగా 144 డీబీల దాకా స్థలం ఉంది. మీ గదిలోని చప్పుడే అందులో పెద్ద వాటా తినేస్తుంది. కాబట్టి మీటర్ నింపాలనే తాపత్రయం వల్ల లాభం లేదు, రిస్క్ మాత్రం ఉంది.

మిక్సర్ మీటర్‌లో సున్నా, సాఫ్ట్‌వేర్ మీటర్‌లో సున్నా ఒకటి కావు. మిక్సర్‌లో సున్నా పైన ప్లస్ 6, ప్లస్ 10 అని ఇంకా లైట్లు ఉంటాయి. డిజిటల్‌లో సున్నా అంటే పైకప్పు. దాన్ని తాకితే తల తెగుతుంది.

గుయ్‌మనే హమ్ వస్తోందా? మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. హమ్ ఆ 50 దగ్గరే కాదు, 100, 150 దగ్గర కూడా ఉంటుంది. ముందు లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. పోతే దొంగ దొరికినట్టే, టేక్ వరకు బ్యాటరీ మీద నడపండి. పోకపోతే అన్నిటినీ ఒకే ప్లగ్ బోర్డుకి మార్చండి, కేబుల్ బ్యాలన్స్‌డ్‌దో (బయటి చప్పుడు పట్టకుండా రెండు సిగ్నల్ తీగలున్నదో) కాదో చూడండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ విరగ్గొట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. అది ప్రాణాల మీదికి వస్తుంది.

## 5. రెండు మైకులుంటే పోలారిటీ

ఒకే మైకు అయితే ఈ మెట్టు వదిలేయండి. మృదంగానికి కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి పెట్టారనుకోండి. ముందు ఒక్కోటి విడిగా వినండి, తర్వాత రెండూ కలిపి వినండి. విడిగా నిండుగా ఉండి, కలిపితే డొల్లగా అయితే ఒకదాని మీద పోలారిటీ బటన్ నొక్కండి. ఎడమ వైపు గుంకి (బేస్ నాదం) ఎటు నొక్కినప్పుడు నిండుగా వినబడితే అటే ఉంచండి. రెండు స్థితుల్లోనూ అదోలా ఉంటే బటన్ వదిలేసి ఒక మైకుని నాలుగు వేళ్ళు జరపండి.

ఇది ఈక్యూకి ముందే చేయాలి. లేకపోతే పోయిన బేస్‌ని ఈక్యూతో పెంచుతూ కూర్చుంటాం, అది రాదు.

## 6. హైపాస్ ఎక్కడ పెట్టాలి? శ్రుతి అడగండి

హైపాస్, కొన్ని పెట్టెల మీద లో కట్, ఒక పౌనఃపున్యం కింద ఉన్న బరువు శబ్దాల్ని కోస్తుంది. స్టాండ్ కదలికలు, కాలి అడుగులు, బయట లారీ గుర్రు లాంటివి. "గొంతుకి 100 పెట్టు" అని గుడ్డిగా చెప్పేస్తుంటారు. శాస్త్రీయంగానో భక్తి పాటలో పాడేవాళ్ళని రికార్డు చేస్తుంటే దీనికన్నా మంచి లెక్క మన చేతిలోనే ఉంది.

ఒకటి శ్రుతిలో పాడే మగగొంతుకి ఆధార షడ్జం (పాటకి మూలమైన 'స') సుమారు 131 హెర్ట్జ్. మంద్ర పంచమానికి (కింది స్థాయి 'ప') దిగితే అది 98. హైపాస్ 120లో పెడితే ఆ పంచమం పునాదే తెగిపోతుంది, గాయకుడు దిగినా వినేవాడికి దిగినట్టు ఉండదు. ఇక్కడ 70, 80 దగ్గర ఆగాలి. ఐదు శ్రుతిలో పాడే ఆడగొంతుకి షడ్జం 196, మంద్ర పంచమం 147. అక్కడ 110, 120 వరకు నిశ్చింతగా వెళ్ళొచ్చు.

శ్రుతి తెలియని పాటైతే చెవితో చేయండి. అన్నిటికన్నా కింది లైను పాడించి, హైపాస్ పెంచుకుంటూ పోండి. గొంతు పలచబడిన చోట ఆపి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి రండి.

ఫ్యాన్ గురించి చెప్పాలి. మే నెలలో ఫ్యాన్ ఆపి పాడమనడం శిక్షే. హైపాస్ ఫ్యాన్ మోటారు గుర్రునీ, స్టాండులోకి ఎక్కే అదురునీ తగ్గిస్తుంది. రెక్కల గాలి చప్పుడు మాత్రం బేస్ నుంచి పైదాకా పరుచుకుని ఉంటుంది, దాన్ని ఏ ఫిల్టరూ కోయలేదు. టేక్ ఉన్నంతసేపు ఆపండి, టేక్‌కీ టేక్‌కీ మధ్య వేయండి. పల్లవి ఒకసారి, చరణం ఒకసారి తీసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

## 7. గేట్: తెలుగుకి కొంచెం జాగ్రత్త

గేట్ అంటే ఒక స్థాయి కన్నా తక్కువ శబ్దం వస్తే తలుపు మూసేది. పాడనప్పుడు గది చప్పుడు వినబడకుండా ఉండటానికి వాడతాం.

ఒకసారి ఒక హరికథ రికార్డు చేస్తూ ఫ్యాన్ చప్పుడు పోవాలని గేట్ బిగించాను. అక్కడికక్కడ బాగానే ఉన్నట్టు అనిపించింది. రాత్రి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. "వచ్చెను" అని దాసుగారు అన్న ప్రతి చోటా "వచ్చె" దగ్గర తెగింది. "రాముడు" కాస్తా "రాముడ్" అయింది. గంటన్నర కథ అలాగే ఉంది. గేట్ మిక్సర్ మీదే పెట్టాను కాబట్టి చేయగలిగిందేమీ లేదు.

కారణం సులువే. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, వాక్యం చివర ఆ అచ్చు మెత్తబడి పోతుంది. చివరి 'ఉ', 'ఇ' గేట్ గీత కిందికి జారిపోతాయి. అజంత భాష అని గర్వంగా చెప్పుకుంటాం, గేట్‌కి ఆ సంగతి తెలియదు.

కాబట్టి:

- రికార్డింగ్‌లో గేట్ వద్దు. మిక్సింగ్‌లో మాత్రమే.
- రేంజ్ నాబ్ ఉంటే పూర్తిగా మూయకుండా 10, 12 డీబీ మాత్రమే తగ్గించేలా పెట్టండి.
- హోల్డ్ (తలుపు తెరిచి ఆగే సమయం) 150 నుంచి 200 మిల్లీ సెకన్లు, రిలీజ్ (మెల్లగా మూసే సమయం) 250 దాకా.
- సెట్ చేశాక పాట కాకుండా లైన్ల చివర్లు మాత్రమే వరసగా వినండి.

ఒకటే గొంతు అయితే నేను గేట్ పెట్టను. ఖాళీ జాగాలు చేత్తో కట్ చేసి ఫేడ్ ఇస్తాను. పావుగంట పని.

## 8. ఈక్యూ: ముందు జబ్బు పేరు చెప్పండి

నాబ్ ముట్టుకునే ముందు ఏం నచ్చలేదో తెలుగులో ఒక ముక్క చెప్పుకోండి. చెప్పలేకపోతే ఈక్యూ అక్కర్లేదని అర్థం.

- మొద్దుగా, దుప్పటి కప్పినట్టు ఉంది: 200 నుంచి 350 హెర్ట్జ్ దగ్గర తగ్గించండి
- డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది: 400 నుంచి 600
- ముక్కుతో పాడినట్టు ఉంది: 800 నుంచి 1200
- చెవిలో గుచ్చుతోంది: 2500 నుంచి 4000
- మాట స్పష్టంగా లేదు: అదే 2500, 4000 మధ్య కొంచెం పెంచండి, 2 డీబీ చాలు
- స, శ, చ ఈల వేస్తున్నాయి: 5000 నుంచి 8000, కానీ ఈక్యూ కాదు, డీఎస్సర్ (ఈల వచ్చినప్పుడు మాత్రమే తగ్గించేది) వాడండి

అంకెలు మొదలుపెట్టే చోటు మాత్రమే. గొంతుని బట్టి, మైకుని బట్టి అటూ ఇటూ జరుగుతాయి. తగ్గించడం 3 డీబీతో మొదలుపెట్టండి.

ఒక బ్యాండ్‌ని బాగా పెంచి అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ చెడ్డగా ఉందో వెతికే పద్ధతి అందరూ నేర్పుతారు. 12 డీబీ పెంచితే ఎక్కడైనా చెడ్డగానే ఉంటుంది. అలా వెతికి ఆరు చోట్ల గుంటలు తవ్విన గొంతులు చాలా విన్నాను, ప్రాణం లేకుండా ఉంటాయి. పైన చెప్పినట్టు జబ్బు ముందు, వెతుకులాట తర్వాత.

సోలోలో (ఆ ఒక్క ట్రాకే వింటూ) ఈక్యూ చేసి వదిలేయొద్దు. సోలోలో నిండుగా అనిపించిన గొంతు తంబురా, కీబోర్డు కలిసేసరికి మునిగిపోతుంది. పాటంతా మోగుతుండగా బైపాస్ నొక్కి తీసి పోల్చండి.

## 9. కంప్రెసర్

గట్టి చోట్లని కిందికి నొక్కి, మెత్తటి చోట్లకి దగ్గర చేసేది కంప్రెసర్. రేషియో 4:1 అంటే, థ్రెషోల్డ్ గీతని (కంప్రెసర్ పని మొదలయ్యే స్థాయి) 8 డీబీ దాటిన శబ్దం 2 డీబీ దాటినట్టుగా బయటకొస్తుంది. 6 డీబీ తగ్గిందన్నమాట.

1. రేషియో 3:1, అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) 15 మిల్లీ సెకన్లు, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 100తో మొదలుపెట్టండి.
2. గట్టి లైను మోగిస్తూ, గెయిన్ రిడక్షన్ మీటర్ 3 నుంచి 6 డీబీ చూపేదాకా థ్రెషోల్డ్ దించండి.
3. ఇప్పుడు మెత్తటి లైను మోగించండి. మీటర్ సున్నాకి తిరిగి రావాలి. రాకపోతే థ్రెషోల్డ్ మరీ కిందున్నట్టు.
4. మేకప్ గెయిన్ (నొక్కడంతో తగ్గిన స్థాయిని తిరిగి పెంచే నాబ్) పెంచి, బైపాస్ నొక్కినా నొక్కకున్నా ఒకే బిగ్గరగా వినబడేలా చేయండి. ఈ మెట్టు దాటేస్తే మోసపోతాం. బిగ్గరగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది.

అటాక్ మరీ తక్కువ పెడితే ఏమవుతుందో వినాలంటే ఒత్తులున్న మాట తీసుకోండి. "చుక్కలు", "కొత్త", "పట్టు". అటాక్ 1 మిల్లీ సెకన్‌లో పెట్టి వినండి, 20లో పెట్టి వినండి. 1లో ఆ 'క్క', 'త్త' విరుపు చదునైపోతుంది, పాడేవాడు నమిలినట్టు ఉంటుంది. రిలీజ్ మరీ తక్కువైతే లైనుకి ముందు పీల్చే ఊపిరి పైకి లేస్తుంది.

ఈక్యూ ముందా, కంప్రెసర్ ముందా? తీసేసే ఈక్యూ ముందు, కలిపే ఈక్యూ తర్వాత. బేస్ గుర్రు ఉండగానే కంప్రెసర్‌కి పంపితే అది గొంతుకి కాకుండా ఆ గుర్రుకి స్పందిస్తుంది. ఎస్ఎస్ఎల్ 4000 తరహా స్ట్రిప్ ప్లగిన్లలో ఈ వరస మార్చే బటన్ ఉంటుంది, ఒకసారి మార్చి వినండి.

రికార్డింగ్‌లోనే కంప్రెసర్ వాడాలా? అనుభవం వచ్చేదాకా వద్దు. వాడితే 2, 3 డీబీ మించనీయొద్దు.

## 10. సెండ్, పాన్, ఫేడర్

ఇక్కడ గుర్తుంచుకోవాల్సినవి కొద్దే. గాయకుడి హెడ్‌ఫోన్స్‌కి వెళ్ళే సెండ్ ప్రీ-ఫేడర్, అంటే ఫేడర్‌కి ముందు నుంచి తీసుకునేది. మీరు ఫేడర్ కదిపినా ఆయన వినేది మారకూడదు. రివర్బ్‌కి (ప్రతిధ్వని ఎఫెక్ట్) వెళ్ళేది పోస్ట్-ఫేడర్. ఫేడర్ దించితే రివర్బ్ కూడా దిగాలి. తారుమారు చేస్తే గొంతు పోయినా దాని దయ్యం మిగులుతుంది.

పాన్: ప్రధాన గొంతు, బేస్ మధ్యలో. మిగతావి మీ ఇష్టం.

ఫేడర్ సున్నా దగ్గర ఉంటే కొంచెం కదిపినా కొంచెమే మారుతుంది. మైనస్ 30 దగ్గర అదే కదలికకి చాలా మారిపోతుంది. ఫేడర్లన్నీ అడుగున ఉన్నాయంటే క్లిప్ గెయిన్ (సాఫ్ట్‌వేర్‌లో రికార్డైన ముక్క స్థాయి) తగ్గించి ఫేడర్లు పైకి తెచ్చుకోండి. ఒకటి గమనించండి: సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లు మామూలుగా ఫేడర్‌కి ముందే ఉంటాయి. ఫేడర్ కదిపితే కంప్రెసర్‌కి వెళ్ళేది మారదు, క్లిప్ గెయిన్ మారిస్తే మారుతుంది. అందుకే క్లిప్ గెయిన్ ముట్టుకుంటే థ్రెషోల్డ్ మళ్ళీ చూసుకోవాలి.

## 11. తేడా వస్తే ఎక్కడ చూడాలి

- ఫేడర్ దించినా శబ్దం చిరుగుతోంది: గెయిన్. అది తగ్గినా పోకపోతే ప్యాడ్. మళ్ళీ టేక్ తీసుకోవాల్సిందే.
- శబ్దమే లేదు: ఇన్‌పుట్ మీటర్ కదలకపోతే కేబుల్, 48 వోల్టులు. కదులుతుంటే మ్యూట్, ఇంకో ఛానల్ మీద వదిలేసిన సోలో, అవుట్‌పుట్ బస్ (శబ్దం బయటికి ఎటు వెళ్తోందో చూపేది).
- కంప్రెసర్ పనిచేయడం లేదు: రికార్డింగ్ మెత్తగా ఉండి సిగ్నల్ థ్రెషోల్డ్‌ని చేరడం లేదు. క్లిప్ గెయిన్ పెంచండి లేదా థ్రెషోల్డ్ దించండి.
- మాటల చివర్లు పోతున్నాయి: గేట్. గేట్ లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ ప్లగిన్ ఉందేమో చూడండి, అదీ ఇదే పని చేస్తుంది.
- పాడేవాళ్ళకి తమ గొంతు ఆలస్యంగా వినబడుతోంది: స్ట్రిప్ తప్పు కాదు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్ దాకా వెళ్ళకుండా మైకు శబ్దాన్ని నేరుగా హెడ్‌ఫోన్స్‌కి ఇచ్చేది) వేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపండి. ఆ బటన్ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్ళకి తగ్గించండి.
- గాయకుడు ఆపినా శ్రుతి బాక్స్ సన్నగా వినబడుతోంది: హెడ్‌ఫోన్స్ నుంచి మైకులోకి కారుతోంది. క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఇవ్వండి, శ్రుతి కొంచెం తగ్గించండి.

ముగించి పైకి లేచే ముందు మిక్సర్‌ని నిలువుగా పై నుంచి ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. ఫ్లాష్ వద్దు, నాబ్ మీది తెల్ల గీత కనబడదు. ఫొటో పేరులో పాట పేరు, మైకు పేరు, గాయకుడి శ్రుతి రాసి పెట్టండి. వారం తర్వాత "ఆ ఒక్క లైను మళ్ళీ పాడతానండీ" అని ఫోను వస్తుంది.